కార్తెలు తెలియని గ్రాఫు

(సాలూరు ప్రాంత బి.యస్సి. విద్యార్థి)

"కంప్యూటరు గీసిన గ్రాఫులో తప్పేముంటుందోయ్?" అని అడిగేవాళ్లు మన కాలేజీలో క్లాసుకి పదిమంది వున్నారు. లెక్చరర్లలో కూడా కొందరు వున్నారని వినయంగా మనవి చేసుకుంటున్నాను. ప్రాక్టికల్సులో చేత్తో గ్రాఫు కాయితం మీద గీసినప్పుడు స్కేలు ఎంత తీసుకున్నావు, ఆరిజిన్ ఎక్కడ పెట్టేవు, ఈ రెండు బిందువులు ఎందుకు కలిపేవు అని నిలదీసి మార్కులు కోసేస్తారు. అదే గ్రాఫు తెర మీద రంగులతో మెల్లగా పైకి లేస్తే ఒక్కరూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యరు. నేను చెప్పదలచుకున్నది ఇదే. కాలంతో ముడిపడిన లెక్కల్ని గీసేటప్పుడు, లైబ్రరీ ఏది ఇస్తే దాన్ని ఇచ్చినట్టుగా పుచ్చుకోవడం సైన్సు చదివేవాడికి తగదు. ఆ లెక్కలు వానవైతే, ఆ వాన మీద ఒక ఊరి తిండిగింజలు ఆధారపడి వుంటే, అసలే తగదు.

మాది సాలూరు దగ్గర పల్లె. సాలూరనగానే పదిమందికీ లారీలు గుర్తొస్తాయి. అది నిజమే, లారీ మీద బతికే కుటుంబాలు పట్టణంలో చాలా వున్నాయి. కాని పట్టణం దాటితే వరి, మొక్కజొన్న, పత్తి, చోళ్లు. వేగావతి, సువర్ణముఖి, వాటిలో కలిసే గెడ్డలు, చెరువులు. మిగతాదంతా ఆకాశం దయ. మా తాత పుట్టిన ఊరూ నేను పుట్టిన ఊరూ ఒకటే అయినా జిల్లాలు మాత్రం వేరు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టేదాకా సాలూరు శ్రీకాకుళం జిల్లాలో వుండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. పాత వర్షపాతం లెక్కలు వెతికేవాడికి ఇదొక తలనొప్పి. ఒకే గెడ్డ మీద కురిసిన వాన మూడు జిల్లాల కాయితాల్లో దొరుకుతుంది!

మా ఊరివాళ్లకి చూపించడానికి నేను రోజువారీ వర్షపాతాన్ని సెల్‌ఫోనులో కనిపించే గ్రాఫుగా తయారు చేస్తున్నాను. దానికి వాడుతున్నది జావాస్క్రిప్టులో రాసిన ఛార్ట్ జేఎస్ అనే లైబ్రరీ. 2013లో మొదలైన ఉచిత లైబ్రరీ ఇది. దీనికంటే ముందు 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మైక్ బోస్టాక్ మిత్రులతో కలిసి తయారు చేసిన డీ3 వుంది. అందులో స్వేచ్ఛ ఎక్కువ, శ్రమ కూడా ఎక్కువే. ఏది వాడినా చేసే పని 1786లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండు ఆయన మొదలుపెట్టిన పనే. ఆయన ఇంగ్లండు వ్యాపార లెక్కల్ని అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా డబ్బు పెట్టి గీతలుగా గీసేడు. ఆయన చేత్తో గీసేడు గనుక ప్రతి గీతకీ ఆయనే బాధ్యుడు. ఇప్పుడు ఆ బాధ్యత ఎవరిదో తెలియకుండా పోయింది. నేను దిద్దుబాటు అంటున్నది ఆ బాధ్యతని తిరిగి మన చేతిలోకి తెచ్చుకోవడాన్నే.

ముందు తేదీల సంగతి చూద్దాం. జావాస్క్రిప్టు 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పదిరోజుల్లో తయారు చేసిన భాష. తేదీల భాగాన్ని అప్పటి జావా భాష నుంచి దాదాపు వున్నదున్నట్టు దింపేరు. అందుకే అందులో రోజుల్ని ఒకటి నుంచి, నెలల్ని సున్నా నుంచి లెక్క పెడతారు. జనవరి అంటే 0, సెప్టెంబరు అంటే 8. గులాబ్ తుపాను 2021 సెప్టెంబరు 26న తీరం దాటింది. సెప్టెంబరు తొమ్మిదో నెల కదా అని 9 వేస్తే తుపాను అక్టోబరు 26కి జరిగిపోతుంది. ఎర్రగీత రాదు, హెచ్చరిక రాదు. జూన్ 31 అని రాసినా ఈ భాష అడ్డు చెప్పదు. జులై 1 కాబోలనుకుని నిమ్మళంగా ముందుకి పోతుంది.

దీనికంటే చోద్యం ఇంకొకటుంది. మన ఆఫీసుల పట్టికల్లో తేదీని రోజు, నెల, సంవత్సరం అనే వరసలో రాస్తారు. 05-07-2023 అంటే మనకి జులై అయిదు. బ్రౌజరుకి ఆ అక్షరాలు అలాగే ఇస్తే అమెరికా వరసలో చదివి మే ఏడు అంటుంది. ఇక 12 దాటిన తేదీలకి పదమూడో నెల లేదు గనుక అవి చెల్లని తేదీలై మాయమవుతాయి. ఒక జులై నెల పట్టిక మొత్తం ఇలా పోస్తే ఏమవుతుందో కాయితం మీద వేసి చూడండి. జులై ఒకటి జనవరి ఏడు అవుతుంది. జులై రెండు ఫిబ్రవరి ఏడు. అలా పన్నెండు రోజుల వాన పన్నెండు నెలల ఏడో తారీకుల్లోకి పోతుంది. మిగిలిన పంతొమ్మిది రోజులూ గల్లంతు. నెల మొత్తానికి జులై ఏడు ఒక్కటే తన చోట తను వుంటుంది. ఆకుమళ్లు తడిపిన వాన సంక్రాంతికి వారం ముందు కురిసిందని గ్రాఫు చెప్తుంది. ఇది నవ్వులాట విషయం కాదు. నవ్వొచ్చేంత పెద్ద తప్పయితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టిక చిన్నదై, అందులో తేదీలన్నీ పన్నెండు లోపువే అయితే ఎవరు పట్టుకుంటారు? మందు సులువైనదే. సంవత్సరం ముందు, తర్వాత నెల, చివర రోజు వచ్చేలా మనమే ముక్కలు చేసి పేర్చి ఇవ్వాలి. ఊహించే పని యంత్రానికి వదలకూడదు.

అయితే అలా సంవత్సరం ముందు రాసిన తేదీని కూడా ఈ భాష గ్రీనిచ్ కాలంలో అర్ధరాత్రి అనుకుంటుంది. మనం గ్రీనిచ్‌కి అయిదున్నర గంటలు ముందున్నాం గనుక మన తెర మీద అది ఉదయం అయిదున్నర. తేదీ మారదు, బతికిపోయేం. కాని అదే గ్రాఫుని డల్లాస్‌లో వుద్యోగం చేసే మా ఊరి అన్నయ్య తెరిస్తే అక్కడ ముందురోజు సాయంత్రం అయివుంటుంది. వాళ్ల నాన్న పొలంలో అయిదో తారీకున పడిన వాన ఆయనకి నాలుగో తారీకున కనిపిస్తుంది. ఇటునుంచి వచ్చే చిక్కూ వుంది. మన అర్ధరాత్రిని గ్రీనిచ్ కాలంలోకి మార్చి తేదీ భాగం మాత్రం కత్తిరించుకుంటే రోజు వెనక్కి పోతుంది. ఎందుకంటే మనకి అయిదో తారీకు మొదలయ్యేసరికి అక్కడింకా నాలుగో తారీకు సాయంత్రం ఆరున్నరే. అందుచేత కాలమండలాన్ని మనమే చెప్పాలి. పేరు ఆసియా, కోల్‌కతా అని వుంటుంది. ఆ పేరు వెనక చరిత్ర కూడా వుంది. దేశమంతటికీ ఒకే కాలం 1906 జనవరి 1 నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొన్నేళ్లు గడియారాల్ని గంట ముందుకి జరిపేరు. 1943 నాటి గంటల లెక్కలు గీసేవాడికి ఆ గంట తెలిసి వుండాలి. తేదీల భాగాన్ని పూర్తిగా కొత్తగా రాసి టెంపొరల్ అని పేరు పెట్టేరు. 2025లో అది ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో వచ్చింది. అందులో నెలలు ఒకటి నుంచే మొదలవుతాయి. ముప్ఫై ఏళ్లు పట్టింది!

ఇక అసలు విషయానికి వస్తాను. మన దేశంలో వర్షపాతాన్ని ఉదయం 8.30కి కొలుస్తారు. ఈ ఉదయం కొలిచి ఈ తేదీకి రాసేది, నిన్న ఉదయం 8.30 నుంచి ఇవాళ ఉదయం 8.30 వరకు కురిసిన వాన. ఇది వాతావరణ శాఖ పద్ధతి, అందరూ పాటిస్తారు. పద్ధతిలో లోపం లేదు. గ్రాఫు లైబ్రరీకి ఈ సంగతి తెలియదు, అంతే. గులాబ్ తుపాను 26 సాయంత్రం పొద్దుపోయేక కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. ఆ రాత్రి కురిసిన వాన 27వ తేదీ లెక్కలోకి వెళ్తుంది. గ్రాఫు దాన్ని 27వ తేదీ గడి మధ్యలో, అంటే మధ్యాహ్నం దగ్గర, కడ్డీగా నిలబెడుతుంది. అదే గ్రాఫులో ఏటి మట్టాన్ని గంటగంటకీ గీతగా వేసేమనుకోండి. ఏరు తెల్లవారుజామునే పొంగి వుంటుంది. ఇప్పుడు చూసేవాడికి ఏం కనిపిస్తుంది? ముందు వరద వచ్చింది, తర్వాత వాన కురిసింది!

మా నాన్నకి ఈ బొమ్మ చూపించి సంగతి చెప్పేను. "అదేటి, వాన పడకుండా ఏరెలాగొస్తాదిరా?" అన్నాడు. ఆయన ఏడో తరగతి వరకే చదువుకున్నాడు. నేను ఇదే బొమ్మని హాస్టల్లో నలుగురు మిత్రులకి చూపిస్తే "కొండల్లో కురిసుంటుందిలే" అని సర్దిచెప్పేరు. తెలివైనవాళ్లే. గ్రాఫుని నమ్మడానికి కారణాలు వెతికేరు గాని గ్రాఫుని అనుమానించలేదు. దీనికి మందు ఏమిటంటే, ప్రతి కడ్డీనీ దాని అసలు ఇరవైనాలుగు గంటల మీదికి జరపాలి. నిన్న ఉదయం 8.30కి ఇవాళ ఉదయం 8.30కి నడిమధ్య నిన్న రాత్రి 8.30. కడ్డీ కేంద్రం అక్కడ వుండాలి. రాసేది ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం రాయాలంటే వాన ఎప్పుడు కొలుస్తారో తెలియాలి. అది ఏ లైబ్రరీ పుస్తకంలోనూ వుండదు, మండలాఫీసులో వానమాపకం దగ్గర నిలబడే మనిషిని అడిగితే తెలుస్తుంది.

వానని పైనుంచి కిందకి వేలాడదీసి, ఏటి మట్టాన్ని కింద గీయడం నీటిపారుదల ఇంజనీర్ల అలవాటు. లైబ్రరీలో నిలువు అక్షాన్ని తలకిందులు చెయ్యమని ఒక్క మాట రాస్తే అయిపోతుంది. ఇది చూసి నాన్న, "ఇప్పుడు బాగున్నాది, వాన పైనుంచే గదా పడతాది" అన్నాడు. ఈ మెప్పుని నా ఇంటర్నల్ మార్కుల్లో కలపరని తెలుసు.

గీతని మెత్తగా వంచడం కూడా ఇలాంటి వ్యవహారమే. ఛార్ట్ జేఎస్ రెండో వెర్షనులో ఏమీ చెప్పకపోతే గీతలు వంపు తిరిగి వచ్చేవి. 2021లో వచ్చిన మూడో వెర్షను నుంచి ఆ వంపుని సున్నా చేసేరు. మంచి పని చేసేరు. అయినా అందం కోసం మళ్లీ వంపు పెట్టుకునేవాళ్లు లేకపోలేదు. చెరువు మట్టం నాలుగు రోజులు నిలకడగా వుండి అయిదో రోజు ఒక్కసారి పెరిగితే, వంపుగీత ఆ పెరుగుదలకి ముందు కాస్త కిందకి దిగి అప్పుడు లేస్తుంది, దూకబోయేవాడు వంగినట్టు. చెరువు మాత్రం వంగలేదు. అదెవరూ కొలవలేదు, గీతే కల్పించుకుంది. వాననైతే గీతతో గీయకూడదనే నా పట్టు. వాన ఒకరోజు నుంచి ఇంకోరోజుకి జారుకుంటూ వెళ్లే వస్తువు కాదు. నిన్నటిది నిన్న పడింది, ఇవాళ్టిది ఇవాళ పడింది. కడ్డీలే దానికి సరి.

అడ్డ అక్షం మాట కూడా చెప్పాలి. వేరే చెప్పకపోతే ఈ లైబ్రరీ తేదీల్ని కాలంగా కాక పేర్లుగా చూస్తుంది. పెళ్లి పందిట్లో కుర్చీలు వేసినట్టు అన్నిటినీ సమాన దూరంలో వేస్తుంది. కొన్ని పట్టికల్లో వాన పడిన రోజులే రాస్తారు, పడని రోజులు రాయరు. 1, 2, 3, తర్వాత 10, 11. మధ్యలో ఆరు రోజుల ఎండ వుంది. తెర మీద 3కీ 10కీ మధ్య ఎడం, 2కీ 3కీ మధ్య ఎడం ఒక్కలాగే వుంటాయి. రైతు ఆకాశం వైపు చూస్తూ గడిపిన ఆరు రోజులు అక్కడ మాయమైపోయాయి. అందుకని అక్షం రకం కాలం అని చెప్పాలి. చెప్పగానే మూడో వెర్షను నుంచి ఇంకో చిక్కు వస్తుంది. తేదీల్ని అర్థం చేసుకునే అడాప్టరుని విడిగా తెచ్చి తగిలించాలి, లేకపోతే ఈ పద్ధతి ఇక్కడ లేదని కసిరి తెల్లతెర చూపిస్తుంది. నా వుద్దేశంలో ఆ కసురే మేలు. నోరు మూసుకుని అబద్ధం గీసేదానికంటే గీయనని మొరాయించేది నయం.

మొరాయించని గుణానికి పరాకాష్ఠ ఖాళీ గడి. తుపాను రాత్రి కరెంటు పోయింది, స్వయంచాలక యంత్రం ఆగిపోయింది, లేదా కొలిచే మనిషి వాగు దాటి రాలేకపోయాడు. పట్టికలో ఆ గడి ఖాళీగా వుంటుంది. జావాస్క్రిప్టులో ఖాళీ మాటని అంకెగా మార్చమంటే అది ఇచ్చే జవాబు సున్నా. అంటే కొలవలేనంత వాన పడిన రోజు, వాన పడని రోజుగా నమోదవుతుంది. ఊరంతా ములిగిన రోజు గ్రాఫులో ఎండ కాసింది. నష్టం ఎంతని అడిగేవాడికి రైతు ఏ గ్రాఫు చూపించుకుంటాడు? ఖాళీని సున్నా నుంచి వేరు చేసి, ఆ చోట బూడిదరంగు పట్టీ వేసి "కొలత లేదు" అని తెలుగులో రాయాలి. ఛార్ట్ జేఎస్ తన అంతట తాను ఖాళీ మీదుగా గీత కలపదు. స్పాన్ గ్యాప్స్ అనే మీట తిప్పితేనే కలుపుతుంది. గీత తెగితే చూడ్డానికి బాగోదని ఆ మీట తిప్పేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు నెలల మొత్తాల మీద నాకున్న కోపం. ఒక రైతుల సమావేశంలో ఎవరో అధికారి నెలవారీ కడ్డీల గ్రాఫు గోడ మీద వేసి చూపించేరు. ఫలానా జులై సాధారణం అన్నారు. వెనకనుంచి ఒక ముసలాయన లేచి, "సాదారణమైతే మా ఆకుమళ్లు ఎందుకెండిపోయినాయి బాబూ?" అని అడిగేడు. అధికారి నొచ్చుకున్నారు. ముసలాయన కూర్చున్నాడు. నిజానికి ఇద్దరి మాటా నిజమే. వాతావరణ శాఖ లెక్కలో మామూలుకి 19 శాతం అటూ ఇటూ వుంటే సాధారణమే. 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 దాటి తగ్గితే తీవ్రమైన లోటు. నెలకి మామూలు వర్షం 180 మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో 150 రెండు రోజుల్లో కుండపోతగా కురిసి, మిగతా 30 నెలంతా తుంపరగా పడితే మొత్తం 180 అవుతుంది. కాయితం మీద సాధారణం, పొలంలో కరువు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,047 లీటర్ల నీరు. 75 మిల్లీమీటర్లు ఒక్కరోజులో పడితే మూడు లక్షల లీటర్లు. గట్టు దాటి గెడ్డలోకి, గెడ్డ నుంచి ఏట్లోకి, సంగాం దగ్గర నాగావళిలోకి పోతాయి. ఉభాలకి నిలిచేది ఎంత? వానరోజు అనాలంటే ఆ రోజు కనీసం 2.5 మిల్లీమీటర్లు పడాలనేది కూడా వాతావరణ శాఖ నియమమే. ఆ నియమంతో రోజులు లెక్కపెట్టి, రెండు వానరోజుల మధ్య ఎన్ని పొడిరోజులు గడిచాయో గ్రాఫులో ఎర్రపట్టీగా చూపిస్తే ముసలాయన అడిగినదానికి జవాబు దొరుకుతుంది. నేను చేస్తున్నదదే. ఉపకరణం మారలేదు, లెక్కలు మారలేదు. ఏ ప్రశ్నకి గీస్తున్నామన్నది మారింది.

ప్రశ్న మారేక అక్షం మీద నెలల పేర్లెందుకు అనిపించింది. మా ఊళ్లో ఎవరూ జూన్‌లో దుక్కి దున్నరు, మృగశిరలో దున్నుతారు. ఆరుద్రకి విత్తు, పునర్వసుకి కలుపు, మఖ దాటితే ఉభాలు ఆలస్యం అనే లెక్కలో బతుకుతారు. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అని అందరి నోళ్లలోనూ వుంది. కాబట్టి గ్రాఫు అక్షం మీద కార్తెల పేర్లు వెయ్యాలని నిశ్చయించుకున్నాను. లైబ్రరీలో గుర్తులు తయారయ్యేక వాటిని మార్చుకునే చోటు ఒకటుంది. అక్కడ లైబ్రరీ వేసిన నెలల్ని తీసేసి కార్తె ప్రవేశించే తేదీల్ని పెట్టేను. గడియలు పక్కన పెడితే మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆరుద్ర 21, 22ల్లో, పునర్వసు జులై 5, 6ల్లో, పుష్యమి 19, 20ల్లో వస్తాయి. ఒక్కొక్క కార్తెకి లేత రంగు పట్టీ వెనకాల వెయ్యాలంటే చిన్న ప్లగిన్ రాసుకోవాలి. ఫలానా తేదీ తెర మీద ఎక్కడ పడుతుందని అక్షాన్ని అడిగితే చెప్తుంది. రెండు తేదీల మధ్య దీర్ఘచతురస్రం గీయడమే మిగిలిన పని. ఇరవై వరసల్లో అయిపోయింది. తెలుగు పేర్లు ఏటవాలుగా తిరిగితే చదవడం కష్టం గనుక తిరగకుండా ఆపేను. ఒత్తులకి చోటు చాలేలా వరస ఎత్తు పెంచేను.

"సైన్సు విద్యార్థివై నక్షత్రాలు పట్టుకున్నావేమిటి?" అని ఒక లెక్చరరు గారు చనువుగా మందలించేరు. వారి మీద గౌరవంతోనే నా సమాధానం చెప్తాను. కార్తె జాతకం కాదు, సూర్యుడి స్థానం. ఆకాశవలయాన్ని ఇరవైయేడు సమాన భాగాలు చేసి సూర్యుడు ఏ భాగంలో వున్నాడో చెప్పే లెక్క. 365 రోజుల చిల్లరని 27తో భాగిస్తే ఒక్కొక్కటీ పదమూడున్నర రోజులు. చాంద్రమాసాల్లా అధికమాసాలతో జరిగిపోదు. జరిగినా డెబ్బై రెండేళ్లకి ఒకరోజు. నెల చాలా పొడుగు, వారం మరీ పొట్టి. పంట ఎదుగుదలకి పదమూడు, పద్నాలుగు రోజుల కొలత సరిగ్గా అమరింది. ఇందులో మూఢనమ్మకం ఎక్కడుందో నాకు కనిపించలేదు. పైగా అక్షం మార్చేక కొత్తది కనిపించింది. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటేయి. తేదీలు అక్టోబరు 12, 12, 11. నెలల గ్రాఫులో ఇవి అక్టోబరులో ఎక్కడో మధ్యన వుంటాయి. కార్తెల గ్రాఫులో మూడూ చిత్త మొదట్లో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ సమయానికి మా వైపు వరి చాలాచోట్ల పొట్టమీదో ఈనికమీదో వుంటుంది. మూడు తుపానులతో సిద్ధాంతం కట్టకూడదని స్టాటిస్టిక్సు చదివిన నాకు తెలుసు. కాని రైతుకి ఏ గ్రాఫు దగ్గరిదో చెప్పడానికి ఇది చాలు.

ఆరుద్ర సామెత నిజమా కాదా అన్నది కూడా ఈ గ్రాఫుతో తేల్చవచ్చు. ఆరుద్రలో పడిన వాన అడ్డంగా, తర్వాతి ఆరు కార్తెల వాన నిలువుగా, ఏడాదికొక చుక్క. చుక్కలు ఒక దారిలో నడిస్తే సామెతకి బలముంది, చెల్లాచెదురైతే లేదు. దానికి కనీసం ముప్ఫై, నలభై ఏళ్ల రోజువారీ లెక్కలు కావాలి. మన ప్రాంతానికి ఇలాంటి రాతకోతలు కొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత ఖర్చుతో వేధశాల పెట్టేరు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, గ్రహాలతో పాటు గాలినీ వాననీ కూడా పరిశీలించేరు. జమీందార్లు చేసిన పనిని సెల్‌ఫోను వున్న విద్యార్థి చెయ్యలేడా?

"రెడీమేడ్ దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకు?" అనే మిత్రులకి ఒక్క మాట. లైబ్రరీ రాసినవాళ్లని నేను తప్పు పట్టడం లేదు. వాళ్లు ఎక్కడో కూర్చుని, అందరికీ పనికొచ్చేలా, డబ్బు తీసుకోకుండా రాసి ఇచ్చేరు. మార్చుకోవడానికి వీలుగా ప్రతి కీలూ బయటికే పెట్టేరు. సాలూరు వాన ఎనిమిదిన్నరకి కొలుస్తారని, చోళ్లు ఏ కార్తెలో జల్లుతారని వాళ్లకి తెలియవలసిన పని లేదు, మనకి తెలియాలి. మన సిలబస్‌లో గ్రాఫు గీయడం వుంది, ప్రోగ్రామింగ్ వుంది. ఈ రెండూ కలిసేచోట ఏం తనిఖీ చెయ్యాలో చెప్పే ఒక్క ప్రాక్టికల్ కూడా లేదు. యూనియన్ వారు ఏటా వక్తృత్వం, క్విజ్ పోటీలు పెడుతున్నారు. ఒక్క ఏడాది తప్పు గ్రాఫుని పట్టుకునే పోటీ పెట్టి చూడండి. ప్రైజు ఎవరికొస్తుందో చెప్పలేను గాని, రైతుబిడ్డలు వెనకబడరని మాత్రం నా గట్టి నమ్మకం.

మా ఊరి గ్రాఫు సగం పని అయింది. వచ్చే రోహిణి కార్తెలోగా పెద్ద కాయితం మీద అచ్చు తీయించి పంచాయతీ గోడకి అంటించాలని వుంది, సెల్‌ఫోను చూడలేని ముసలివాళ్లు కూడా చూస్తారు. పాచిపెంట, మక్కువ, రామభద్రపురం, బొబ్బిలి నుంచి వచ్చే మిత్రులెవరైనా తమ మండలం పట్టిక తెస్తే గీసే పూచీ నాది. తేదీలో ఏది రోజో ఏది నెలో పైన రాసి తీసుకురండి. ఖాళీ గళ్లని ఖాళీగానే వుంచండి, దయచేసి సున్నాలు పెట్టకండి.